చెప్పకుండా వచ్చే పాట

రెబెకాకు తలుపు కొట్టడం చేతకాదు. తలుపు ముందు నిలబడి పాటెత్తుకోవడమే తెలుసు.

తార్నాకలో మా వెనక వీధే వాళ్ళది. తండ్రి పౌలు లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో పనిచేసేవాడు. డిసెంబరు వస్తే చాలు, మెడలో డోలక్ వేసుకుని క్రిస్మస్ పాటల జట్టుతో బయల్దేరేవాడు. ఆ జట్టు వస్తున్నట్టు ముందుగా ఎవరికీ చెప్పరు. ఇంటి ముందు దరువు పడగానే లోపలివాళ్ళు లేచి లైటు వెయ్యాలి, టీ ఇవ్వాలి, ఆ తర్వాత శాలువా కప్పుకుని జట్టుతో పాటు పక్కింటికి నడవాలి. యూనివర్సిటీ క్వార్టర్స్ చేరేసరికి అదో ఊరేగింపు. మేం హిందువులమే అయినా మా అమ్మ ఫ్లాస్కు నిండా టీ పోసి సిద్ధంగా ఉంచేది. నాకు మాత్రం నిద్ర పాడయ్యేది. ఆ జట్టులో ముందుండి పాడే రెబెకా గొంతు గొప్పదేమీ కాదు. ఆ మాట దాని మొహం మీదే చెప్పాను.

పెద్దయ్యాక నేను యూనివర్సిటీ లైబ్రరీలో చేరాను. అది అక్కడే మైక్రోబయాలజీ చెప్పేది. మధ్యలో రెండేళ్ళ పరిశోధనకని కెనడాలో ఒక చిన్న ఊరికి వెళ్ళింది. గడ్డకట్టిన నేలలో సూక్ష్మజీవులు చలికాలమంతా ఎలా బతికుంటాయో చూడటం దాని పని. అవెలా బతికాయో గానీ, ఇది మాత్రం మొదటి మంచుకే చతికిలబడింది.

"మధ్యాహ్నం టీ తాగేలోపే చీకటి పడుతున్నది లలితక్కా. ఉన్న సినిమాలన్నీ చూసేసిన. గోడతోని మాట్లాడుతున్న" అని ఫోను చేసింది.

"స్కేటింగో ఏదో నేర్చుకోరాదూ?"

"నేర్చుకున్న. నడుము పట్టేసింది."

వారం తిరక్కుండా మళ్ళీ ఫోను. ఈసారి ఏడుపు. క్రిస్మస్‌కు ముందే వచ్చేస్తానంది. పని సగంలో వదిలేస్తే అలాంటి అవకాశం మళ్ళీ రాదని ఇద్దరికీ తెలుసు. నాకు ఒళ్ళు మండింది.

"వచ్చెయ్. మంచుకు భయపడి వస్తోందని మీ నాన్నకు నేనే చెప్తాను" అన్నాను.

ఠక్కున ఏడుపు ఆగింది. "భయమా? నాకా? చూస్త ఉండు" అని ఫోను పెట్టేసింది.

ఆ శనివారం సాయంత్రం ల్యాబ్ నుంచి ఒక ఖాళీ ప్లాస్టిక్ బకెట్టు తెచ్చి, తలకిందులు చేసి, తాడుతో మెడకు తగిలించుకుంది. కోటు మీద కోటు వేసుకుని, మోకాలి లోతు మంచులో పక్కింటి ముందుకు నడిచింది. చెప్పాపెట్టకుండా దరువేసి పాటెత్తుకుంది. తార్నాకలో అయితే లైటు వెలగాలి. అక్కడ వెలుగుతున్న లైటు కాస్తా ఆరిపోయింది.

ఇంకొకరైతే ఇంటికి పోయి ముసుగు తన్నేవారు. ఇది రెండో ఇంటికి వెళ్ళింది. ఆ ఇంటాయన తలుపు తీసి, మెట్ల మీద మంచు తీయడానికొచ్చిన మనిషనుకుని, చేతికి పార ఇచ్చి తలుపేసుకున్నాడు. రెబెకా కాసేపు ఆ పార వంక చూసింది. తర్వాత బకెట్టు పక్కన పెట్టి మెట్లన్నీ శుభ్రం చేసింది. పైమెట్టు మీద నిలబడి పాట మొత్తం, ఒక్క చరణం కూడా వదలకుండా పాడింది.

ఆయన భార్య డోరతీ బయటికొచ్చి, సంగతి తెలిసి సిగ్గుతో చితికిపోయి, కప్పులో వేడి కోకో తెచ్చిచ్చింది. తాగడం అయింది. మొగుడూ పెళ్ళాం ఇంకా గుమ్మంలోనే నిలబడి ఉన్నారు. రెబెకాకు చిరాకొచ్చింది. ఇంగ్లీషులోనే కసిరిందట గానీ, మన మాటల్లో చెప్పాలంటే "అట్ల నిలబడ్డరేంది? కోట్లు వేసుకోండి, పక్కింటికి పోవాలె" అంది.

వాళ్ళు మొహాలు చూసుకున్నారు. కోట్లు వేసుకున్నారు.

డోరతీ పక్కన ఉండేసరికి మూడో ఇంటి తలుపు వెంటనే తెరుచుకుంది. వీధి చివరికి వచ్చేసరికి, లైటు ఆర్పేసిన మొదటి ఇంటాయన కూడా టోపీ పెట్టుకుని వెనకాలే వస్తున్నాడు. పాపం, ఆ వీధిలో అందరూ చలికాలమంతా టీవీ ముందు ఒంటరిగా కూర్చునేవాళ్ళే. ఎవరో ఒకరు చెప్పకుండా వస్తే బాగుండునని ఉన్నవాళ్ళే. ఆ సంగతి వాళ్ళకే తెలియదు.

క్రిస్మస్ అయిపోయినా రెబెకా ఆపలేదు. శనివారం వస్తే బకెట్టు మెడకెక్కేది. క్రిస్మస్ పాటలు అయిపోతే, ఇక్కడి క్యాంపస్‌లో ఆడపిల్లలతో కలిసి పాడిన బతుకమ్మ పాటలు ఎత్తుకునేది. పల్లవి చివరి మాట 'ఉయ్యాలో' మాత్రం వీధంతా గట్టిగా అందుకునేదట. అలా రెండు చలికాలాలూ గడిపి, పని పూర్తి చేసుకుని మరీ వచ్చింది. వచ్చేటప్పుడు బకెట్టు డోరతీకి ఇచ్చేసింది.

మొన్న నవంబరులో ఇద్దరం పొద్దున్నే ఆర్ట్స్ కాలేజీ ముందు నడుస్తున్నాం. రెబెకా ఫోను మోగింది. మనకు తెల్లవారితే వాళ్ళకు సాయంత్రం. స్పీకరు పెట్టింది. అవతల బకెట్టు మీద దరువు, మంచులో బూట్ల చప్పుడు, ఆ వెనక బోలెడు గొంతులు. పల్లవి తప్పుల తడక. చివరి మాట మాత్రం అందరిదీ ఒక్కటే.

రెబెకా నడిరోడ్డు మీద ఆగిపోయింది. దాని కళ్ళు నిండిపోయాయి.

"చెప్పకుండ వచ్చిన్రక్కా" అంది.

ముక్కు ఎగబీల్చి, కళ్ళు తుడుచుకుని, ఒక్కసారిగా నా మీద విరుచుకుపడింది. "అట్ల నిలబడ్డవేంది? పాడు!"

నా గొంతు దాని గొంతుకన్నా అన్యాయం. అయినా పాడాను.