కోట్‌పల్లి ఫోటో మీద వాన

మా ఇంట్లో ఎవరైనా దయ్యాల ముచ్చట మొదలుపెడితే ముందుగా నవ్వేది నేనే. పూడూరు దగ్గర పల్లెలో పుట్టాను. చీకటిలో ఒక్కడినే బోరు మోటారు వేయడానికి పొలం పోయేవాడిని. ఇప్పుడు వికారాబాద్‌లో ఒక ప్రైవేటు కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెబుతున్నాను. కంప్యూటర్‌లో ఏ తప్పు జరిగినా దానికి కారణం ఉంటుంది, ఓపికగా వెతికితే దొరుకుతుంది అని పిల్లలకు చెప్పి చెప్పి అదే నా నమ్మకం అయిపోయింది.

అందుకే ఇది రాయడానికి ఇంత కాలం ఆగాను.

చదువు అయిపోయిన కొత్తలో నేను తాండూరులో ఖలీల్ అనే స్నేహితుడి కంప్యూటర్ సెంటర్‌లో పాఠాలు చెప్పేవాడిని. కందుల మార్కెట్ దగ్గర ఒక విత్తనాల దుకాణం మీద గది. కింద కందుల వాసన, దూరంగా బండలు పాలిష్ చేసే మిషన్ల రొద. కిటికీ తెరిచామంటే కీబోర్డుల మీద తెల్లటి బండ పొడి పేరుకునేది. ఖలీల్ ఒక గుడ్డ పట్టుకుని పొద్దున్నే అన్నీ తుడిచేవాడు.

అప్పట్లో ఉచితంగా దొరికే లైనక్స్ సాఫ్ట్‌వేర్ మీద మాకు పిచ్చి. అందులో డెస్క్‌టాప్ ఎఫెక్ట్స్ అని ఉండేవి. తెర మీది విండోను మౌస్‌తో పట్టుకుని లాగితే రబ్బరులా ఊగేది. తెర మొత్తం పెట్టెలాగా గిర్రున తిరిగేది. రెండు మీటలు కలిపి నొక్కితే తెర మీద వాన చినుకులు పడి, నీటి మీద పడ్డట్టే వలయాలు లేచేవి. సెంటర్‌లో ఒక్క కంప్యూటర్‌కే మంచి గ్రాఫిక్స్ కార్డు ఉండేది. అది చూడటానికే బొంరాస్‌పేట నుంచి బస్సెక్కి వచ్చిన పిల్లలు ఉన్నారు. వాన మొదలైతే టైపింగ్ ఆపి అందరూ దాని చుట్టూ చేరేవారు. ఖలీల్ కూడా వాళ్లలో ఒకడై నిలబడేవాడు.

ఇంట్లో అతనికి ఇంకో కంప్యూటర్ ఉండేది. సెకండ్ హ్యాండ్‌ది, బరువైన పాత మానిటర్‌తో. దాని మీద ఈ ఎఫెక్ట్స్ రావాలని చాలా తంటాలు పడ్డాడు. "ఇంట్ల దాని మీద రానే రాదంటుంది భాయ్, గంత మొండిది" అని నా దగ్గర మొత్తుకునేవాడు.

తర్వాత నాకు వికారాబాద్‌లో ఉద్యోగం వచ్చింది. ఆ మరుసటి ఏడు ఖలీల్ గుండెపోటుతో పోయాడు. అతని కూతురు నాజియా అప్పటికి ఇంకా బడిలో వేయని పిల్ల. సెంటర్ మూతపడింది. ఖలీల్ భార్య మెహరున్నీసా భాభీ బట్టలు కుట్టి బిడ్డను చదివించుకుంది. పండుగలకు వాళ్లింటికి పోయేవాడిని. భాభీ ఖలీల్ పేరు ఎత్తేది కాదు. నేనూ ఎత్తేవాడిని కాదు.

పోయిన ఏడాది నాజియా ఫోన్ చేసింది. అప్పుడు డిగ్రీ చివరి ఏడు చదువుతోంది. ఇల్లు మారుతున్నారట, ఇంట్లోని ఆ పాత కంప్యూటర్‌ను పాత సామాన్ల వాడికి వేస్తానంటోందట వాళ్లమ్మ.

"చాచా, గా కంప్యూటర్ పోయేలోపు ఒక్కసారి నడిపియ్యవా? చిన్నప్పుడు మా అబ్బా ఒళ్లో కూసున్న, తెర మీద నీళ్లు కదిలినయి. నాకు మంచిగ యాదికున్నది. అమ్మి ఏమో నువ్వు కల గన్నవ్ అంటది."

ఆ ఎఫెక్ట్స్ నిజమే, కానీ నువ్వు చూసింది సెంటర్‌లో అయి ఉంటుంది అన్నాను. ఆమె ఒప్పుకోలేదు. ఆకుపచ్చ గోడ, వెనక అమ్మ కుట్టు మిషన్ చప్పుడు, తెర మీద కోట్‌పల్లి ప్రాజెక్టు నీళ్ల ఫోటో. సెంటర్‌లో ఆ ఫోటో ఎప్పుడూ లేదు. అది నాకూ తెలుసు.

నా ల్యాప్‌టాప్‌లో ఆ వాన ఎఫెక్ట్ వేసుకుని పోయి చూపించాను. మర్యాదగా చూసింది. "మంచిగున్నది చాచా, కానీ నేను చూసింది గిది కాదు" అంది. తర్వాత తల దించుకుని, "అబ్బా గురించి అందరు చెప్పేటియన్ని వాళ్ల యాదులు. నాకంటూ ఉన్నది గిదొక్కటే" అంది.

ఆ మాట తర్వాత ఇక కాదనలేకపోయాను.

బండ అటక మీద నుంచి కంప్యూటర్ దించాం. దుమ్ము తుడిచి, తీగలు పెట్టి ఆన్ చేస్తే ఆశ్చర్యంగా లేచింది. అదే పాత లైనక్స్. తెర నిండా కోట్‌పల్లి ఫోటో. బూడిద రంగు నీళ్లు, ఒక పడవ, దూరంగా గుట్ట. నాజియా చున్నీ నోటికి అడ్డం పెట్టుకుని చూస్తూ ఉండిపోయింది.

సెట్టింగ్స్‌లోకి పోయి ఎఫెక్ట్స్ ఆన్ చేశాను. కాసేపు తెర నల్లబడి, తిరిగొచ్చి, డెస్క్‌టాప్ ఎఫెక్ట్స్ పెట్టడం కుదరదని సందేశం ఇచ్చింది.

కొన్ని ఆదివారాలు ప్యాసింజర్ రైలెక్కి పోయి దానితో కుస్తీ పట్టాను. డ్రైవర్ మార్చాను. తెర సైజు తగ్గించాను, రంగులు తగ్గించాను. పాత గ్రాఫిక్స్ చిప్ అయితే ఎఫెక్ట్స్‌ను ముందే ఆపేసే తనిఖీ ఒకటి ఉంటుంది, దాన్నీ తప్పించాను. అప్పుడు తెర మొత్తం తెల్లగా అయి బిగుసుకుపోయింది. డబ్బా విప్పి చూస్తే విడిగా కార్డు లేదు, పెట్టుకోవడానికి జాగా కూడా లేదు. బోర్డులోనే ఉన్న చిప్ అది. దాని గురించి వెతికి చదివాను. విండోలు ఊగడం ఎట్లాగో అట్లా సాధించినా, నీటి ఎఫెక్ట్‌కు కావలసిన శక్తి ఆ చిప్‌కు పుట్టుకతోనే లేదు. అంటే ఖలీల్ బతికి ఉన్నప్పుడు కూడా దాని మీద వాన వచ్చే అవకాశం లేదు.

ఆ సంగతి నాజియాకు చెప్పడం నాకు కష్టమైంది. మధ్యాహ్నం భోజనాలయ్యాక చెప్పాను. "అయితే కలేనేమో తియ్" అంది. ఏడవలేదు. అదే ఎక్కువ బాధగా అనిపించింది.

నేను మార్చినవన్నీ వెనక్కి మార్చేశాను. ఖలీల్ వదిలినప్పుడు ఎట్లా ఉందో అట్లాగే పెట్టి, ఆపేయబోతున్నాను. భాభీ చాయ్ తెచ్చింది. అన్నాళ్లూ ఆమె ఆ గదిలో నిలబడింది కూడా లేదు. చాయ్ పెట్టి వెళ్లిపోతుందనుకుంటే కుర్చీ లాక్కుని కూర్చుంది.

"బంద్ చేసే ముందల జర గా ఫోటో మంచిగ చూడనియ్ భయ్యా" అంది.

తెర మీద తెరిచి ఉన్న విండోలన్నీ మూశాను. ఫోటో ఒక్కటే మిగిలింది. నా చేతిలో చాయ్ గ్లాసు ఉంది. కీబోర్డు మీద ఎవరి చెయ్యీ లేదు. బయట ఎండ కాస్తోంది, గదిలో బాగా వెలుతురు ఉంది.

పడవ పక్కన ఒక వలయం లేచింది.

పాత మానిటర్ కదా, బొమ్మ వణికిందనుకున్నాను. ఇంకొకటి లేచింది. తర్వాత గుట్ట మీద, ఆకాశం మీద, తెరంతా. చినుకు పడ్డ చోట ఫోటో లోపలికి నొక్కుకుని, చుట్టూ అలలై విచ్చుకుంటోంది. పడవ వంకర్లు పోతోంది. సెంటర్‌లో ఎన్నిసార్లు చూశానో ఆ వాన. పొరపాటు పడే అవకాశం లేదు.

"గిదే చాచా! గిట్లనే!" నాజియా నా భుజం పట్టుకుని ఊపేస్తోంది. ఫోన్ తీసి వీడియో పట్టింది. భాభీ లేచి వచ్చి అరచెయ్యి తెర మీద ఆనించింది. ఆమె వేళ్ల చుట్టూ కూడా వలయాలు తిరిగాయి. "యా అల్లా" అని మెల్లగా అంది. భయంతో అన్న మాటలా లేదు.

కాసేపటికి చినుకులు పలచబడ్డాయి. ఆగిపోయాయి. పడవ ఎప్పటిలా నిలబడింది.

నేను వెంటనే సెట్టింగ్స్ తెరిచాను. ఎఫెక్ట్స్ ఆఫ్‌లోనే ఉన్నాయి. ఆన్ చేయబోతే మళ్లీ కుదరదనే సందేశం. సిస్టమ్ రాసుకునే వివరాలు తీసి చదివాను. ఆ సమయంలో ఏ ఎఫెక్ట్ నడిచినట్టూ అందులో లేదు.

నాజియా తీసిన వీడియో చూశాం. అందులో ఫోటో కదలదు. ముగ్గురం తెర ముందు ఉన్నాం. భాభీ చెయ్యి మానిటర్ అద్దం మీద ఉంది. నాజియా అరుపులు, భాభీ మాట అన్నీ వినిపిస్తున్నాయి. నీళ్లు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి.

భాభీ వీడియో సంగతి పట్టించుకోలేదు. మళ్లీ కుర్చీలో కూర్చుని, బిడ్డతో చెప్పడం మొదలుపెట్టింది. "గీ ఫోటో తీసిన దినం నువ్వు నా కడుపుల ఉన్నవ్. మీ అబ్బా స్కూటర్ మీద తీస్కపోయిండు. ఫోటో తీసి కెమెరా సంచిల పెట్టిండో లేదో, వాన దంచి కొట్టింది. మక్కబుట్టలు కాల్చెటామె మాకు ప్లాస్టిక్ పట్టా కప్పింది. మీ అబ్బా తడుసుకుంట ఒకటే నవ్వుడు. వాన పడంగ ఫోటో తియ్యకపోతినే అని మస్తు పరేషాన్ అయిండు."

ఖలీల్ గురించి ఆమె అంత మాట్లాడటం నేను వినడం అదే మొదటిసారి. నాజియా కూడా అంతే. అడుగుతూ పోయింది, ఆమె చెబుతూ పోయింది. మధ్యలో తెలుగు పోయి ఉర్దూ వచ్చింది, నవ్వులు వచ్చాయి. చాయ్ చల్లారిపోయింది.

కంప్యూటర్‌ను సామాన్ల వాడికి వేయలేదు. కొత్త ఇంటికి తీసుకుపోయారు. అప్పుడప్పుడు నడుపుతారట. ఫోటో కనబడుతుంది, అంతే. మళ్లీ బాగుచేయమని నాజియా నన్ను అడగలేదు.

కళ్లు అలిసిపోయి అట్లా కనబడిందా అంటే, ముగ్గురి కళ్లూ ఒకేసారి అలిసిపోవు. మానిటర్ చెడిపోయిందా అంటే, చెడిన మానిటర్ చెయ్యి చుట్టూ వలయాలు తిప్పదు. పైగా మానిటర్ తప్పే అయితే అది వీడియోలో కూడా పడాలి. మనసులో కోరుకున్నాం కాబట్టి కనబడిందా అంటే, ఆ క్షణంలో నేను ఏమీ కోరుకోవడం లేదు. రైలు టైమ్ చూసుకుంటున్నాను. ఎన్ని రకాలుగా ఆలోచించినా నాకు కారణం దొరకలేదు. ఇప్పటికీ దొరకలేదు.

ఆ సాయంత్రం ఇల్లు చేరేసరికి నా భార్య తలుపు తీస్తూ, "ఇయ్యాలనన్న అయిందా రిపేరు?" అని అడిగింది.

కాలేదని చెప్పాను. వాన పడిందని చెప్పడానికి నాకు చాలా రోజులు పట్టింది.