అందకముందే అందిందని రాసిన

నేను రాసిన వెబ్ పేజీ ఒక అబద్ధం చెప్పింది. ఆ అబద్ధం నాదేనని తెలిసిన నిమిషంలోనే దాన్ని నా దోస్తు బిడ్డ మీదికి తోసిన. ఆ పిల్ల దరఖాస్తు పంపింది. పంపలేదని నేను చెప్పిన. తండ్రి నా మాటే నమ్మిండు. బిడ్డతోని మాట బంద్ చేసిండు. మళ్ళ మాట్లాడకుండనే పోయిండు.

ఇంతే. ఇది చెప్పడానికి నాకు ఇన్నేండ్లు పట్టింది. పొద్దున లేస్తే ముందు ఇదే యాదికొస్తది, మోకాళ్ళ నొప్పి ఆ తర్వాత. మీరెవరో నాకు తెలియదు. తెలియదు గనుకనే చెప్తున్న. తెలిసినోళ్ళైతే "పోనియ్యి పెద్దమనిషీ, కావాలని చేసినవా ఏంది" అంటరు. ఆ మాట నాకొద్దు. తప్పు కావాలని చెయ్యలేదు, నిజమే. దాచింది మాత్రం కావాలనే.

నేను చదివింది ఏడో తరగతి. నాంపల్లిలో కోర్టు గోడ పక్కన టైపు మిషిన్ పెట్టుకొని బతికిన. నా పక్క మిషిన్ బాలనర్సయ్యది. ఎండకు ఇద్దరికీ ఒకటే గొడుగు. ఒక చాయ్ తెప్పించి సగం సగం తాగెటోళ్ళం. నాకన్న చిన్నోడు, "అన్నా" అనే పిలిచెటోడు. కంప్యూటర్లు వచ్చి మా మిషిన్లు మూలకు పడ్డప్పుడు అతను ఒక వకీలు దగ్గర గుమాస్తాగా చేరిండు. నాకు ఒకరి కింద చేసే గుణం లేదు. ఆదివారాలు ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు ఏరుకొచ్చి, డిక్షనరీ పక్కన పెట్టుకొని, వెబ్ పేజీలు రాసుడు నేర్చుకున్న. స్టేషన్ రోడ్డు మీద చిన్న ఇంటర్నెట్ దుకాణం పెట్టిన.

ఇంజినీరింగు చదివిన పోరగాళ్ళు దుకాణానికి వచ్చి నా పేజీలు చూసి నవ్వెటోళ్ళు. "అంకుల్, బటన్ నొక్కంగనే పేజీ మొత్తం తెల్లగైతున్నది. మళ్ళ మొదటికెల్లి లోడ్ ఐతున్నది. ఏ కాలంల ఉన్నవ్?" అని. ఆ నవ్వు తలుచుకుంటే నాకు ఇప్పటికీ కడుపుల మండుతది. వాళ్ళకు కాలేజీ చెప్పింది. నాకెవడు చెప్పిండు? సరే, మీకన్న బాగ చేస్త అని, పేజీ కదలకుండ పంపుడు కూడ నేర్చుకున్న.

అదేం పెద్ద మంత్రం కాదు. ఫారం నింపి బటన్ నొక్కితే పేజీ ఉన్నకాడనే ఉంటది. నింపిన వివరాలు మాత్రం లోలోపల సర్వరుకు పోతయి. వచ్చినయని సర్వరు జవాబిస్తది. ఆ జవాబు వచ్చినంక పేజీలో ఒక మూల చిన్న మాట రాయాలె: "మీ దరఖాస్తు అందినది." జవాబు వచ్చినంకనే. ముందు కాదు.

ఒక ప్రైవేటు నర్సింగు కాలేజీ వాళ్ళు దరఖాస్తుల పేజీ రాయమన్నరు. మొదలు సరిగ్గనే రాసిన. కాని అప్పటి నెట్ మీకు తెలుసు గద. నొక్కినంక జవాబు వచ్చేదాక పేజీల ఏం కదలకపోయేది. పిల్లలు ఆగుతరా? మళ్ళ నొక్కుడు, మళ్ళ నొక్కుడు. ఒక్క పేరే కుప్పలుగ వచ్చి పడేది. కాలేజీ క్లర్కు ఫోన్ చేసిండు. "ఏం పేజీ రాసినవయ్యా, ఒక్క పిల్ల ఒక క్లాసంత ఐతున్నది! చదువుకున్నోనికి ఇయ్యాల్సిన పని ఇది" అన్నడు.

ఆ ఆఖరి మాట లేకపోతే నేను కుదురుగ కూచుని ఆలోచించేటోణ్ణేమో. ఒక్కసారి నొక్కినంక బటన్‌ను ఆపి, "పోతున్నది, జర ఆగండి" అని రాస్తే సరిపోయేది. ఆ కోపంల నాకు అది తట్టలేదు. "అందినది" అని చూపించే కోడు వరుసను తీసి, జవాబు కోసం ఆగే వరుసకన్న పైకి జరిపిన. బటన్ నొక్కంగనే ఆ మాట కనబడేటట్టు. సర్వరుకు చేరిందా లేదా, జవాబు వచ్చిందా లేదా, దానితోని పని లేకుండ.

అది నాకు తప్పనిపించలేదు. ఎందుకనిపించలేదో కూడ చెప్త. కోర్టు కాడ నోటీసులు టైపు చేసేటప్పుడు అడుగున "నకలు అందినది" అని మేమే ముందుగ కొట్టి పెట్టెటోళ్ళం. కాయితం ఇంకా మిషిన్లనే ఉంటది, తీసుకునే మనిషి ఇంట్ల నుంచి బయలెల్లి కూడ ఉండడు, అందినదని మాత్రం పడి ఉంటది. దాంట్ల దోషం లేదు. కింద సంతకానికి జాగ ఇడుస్తం. అందినోడు సంతకం పెట్టేదాక ఆ మాటకు విలువ లేదు. బతుకంత అట్ల కొట్టిన చెయ్యి, ఇక్కడ కూడ అట్లనే కొట్టింది. ఇక్కడ సంతకం పెట్టేటోడు లేడని ఆ చెయ్యికి తెలియదు. నాకు తెలియాలె గద? నాకెందుకు తెలియలేదు?

బాలనర్సయ్య బిడ్డ సరిత. నర్సు పని వద్దని ఇంట్ల కొట్లాడింది. టీచరైత అన్నది. తండ్రి బతిమాలిండు, కోపం చేసిండు, తిండి మానిండు. చివరికి ఒప్పుకున్నది. ఆఖరు రోజున ఆబిడ్స్‌ల బస్సు కోసం నిలబడి తన ఫోన్‌లనే ఫారం నింపి పంపింది. బాలనర్సయ్య నాకు ఫోన్ చేసి "పంపిందన్నా! నువ్వు రాసిన పేజీలనే పంపింది!" అని చిన్న పిల్లగాని లెక్క నవ్విండు.

తర్వాత ఇంటర్వ్యూ పిలుపులు వచ్చినయి. సరితకు రాలేదు. తండ్రి, బిడ్డ ఇద్దరు నా దుకాణానికి వచ్చిన్రు.

"జర చూడన్నా, దీని దరఖాస్తు వచ్చిందా రాలేదా."

సర్వరు తెరిచి వెతికిన. లేదు.

"రాలేదు నర్సయ్యా."

"ఎట్ల రాదు పెద్దనాయినా?" సరిత ముందుకొచ్చింది. "నేను పంపిన. నొక్కంగనే అందినదని వచ్చింది. నా కండ్లతోని చూసిన."

నొక్కంగనే. ఆ మాట చెవుల పడ్డప్పుడే నాకు మొత్తం అర్థమైంది. ఫోన్‌ల సిగ్నల్ పోయి ఉంటది. వివరాలు సర్వరు దాక రాలేదు. నా పేజీ మాత్రం అందిందన్నది. నోరు తెరిస్తే అయిపోయేది. "నా తప్పు బిడ్డా" అంటే అయిపోయేది. కాలేజీకి పోయి నిలబడి ఒప్పించుకుంటే ఆమెకు కూడ పిలుపు పంపెటోళ్ళేమో. కాని నా కండ్ల ముందు ఆ క్లర్కు, ఆ నవ్విన పోరగాళ్ళు. చదువు లేనోడు గనుకనే ఇట్ల చేసిండని అంటరు. అదొక్కటే నా తలకాయల తిరిగింది.

"పంపితే వస్తది బిడ్డా. పంపకుంటే రాదు" అన్న.

బాలనర్సయ్య బిడ్డ దిక్కు తిరిగిండు. "ఏమే, ఎవరికి చెప్తున్నవ్ కథలు? నలుగురి పుండ్లు నేను కడుగ అన్నది నువ్వే గద? వద్దైతే వద్దని చెప్పు. ఈ నాటకమెందుకు? ఇప్పుడు మా అన్ననే దొంగను జేస్తవా?"

"నాయినా, ఒట్టు."

"నోరు మూయ్. అన్న చెప్పినంక ఇంకేముంది?"

అన్న చెప్పినంక. నేను కంప్యూటర్ దిక్కే చూస్తూ కూచున్న. వాళ్ళు పోయినంక ఆ వరుసను తీసి, ఉండాల్సిన జాగల పెట్టిన. ఎవరికీ చెప్పలేదు. ఇంకా ఎందరి దరఖాస్తులు అట్ల పోయినయో తెలియదు. వచ్చినోళ్ళ పేర్లు సర్వరుల ఉంటయి. రానోళ్ళవి ఎక్కడుంటయి?

ఆ ఇంట్ల మాటలు బందైనయి. నేను ఒకసారి సర్దిచెప్పబోయిన. "పోనియ్యి నర్సయ్యా, చిన్నపిల్ల" అన్న. చూడండి నా సిగ్గులేనితనం! ఆమె తప్పు చేసినట్టే మాట్లాడి, క్షమించమని నేనే సిఫారసు చేసిన. సరిత ఆబిడ్స్‌ల ఒక బట్టల దుకాణంల చేరింది. తనకు నచ్చినోణ్ణి చేసుకొని కాచిగూడకు పోయింది. తండ్రి ఆ పెండ్లికి పోలేదు. నేను పోయిన. అక్షింతలేసి, భోజనం కూడ చేసి వచ్చిన.

బాలనర్సయ్య దవాఖానల పడ్డప్పుడు రోజూ పోయెటోణ్ణి. ఒకనాడు నా చెయ్యి పట్టుకొని "బిడ్డ నర్సు కాకపోయినా నాకు బాధ లేకుండె అన్నా. నా మొకం మీద అబద్ధం ఆడింది, అది పోతలేదు" అన్నడు. మంచం పక్కన మేమిద్దరమే ఉన్నం. ఇంకెవరూ లేరు. అప్పుడు కూడ చెప్పలేదు. చావు ముందున్నోనికి ఎందుకీ బాధ అని నాకు నేను చెప్పుకున్న. ఎవరి బాధ? ఆయనది తప్పించిననా, నాది తప్పించుకున్ననా? ఆ మాట చెప్తే ఆయనకు బిడ్డ దక్కేది. దోస్తు పోయెటోడు. నేను ఆయనకు దోస్తునే మిగిల్చిన.

పోయిన వారం నాంపల్లి మెట్రో మెట్లకాడ సరిత కనబడింది. పక్కన బిడ్డ. "తాతకు దండం పెట్టు" అన్నది. ఆ చిన్నది చేతులు జోడించింది. అప్పుడు సరిత, ఎన్నాళ్ళ సంది అడుగుదామనుకున్నదో ఏమో, నెమ్మదిగ అడిగింది.

"పెద్దనాయినా, ఆఖరుకు నాయిన నా గురించి ఏమన్న అన్నడా?"

ఏమీ అనలేదని చెప్పిన. అది ఇంకొక అబద్ధం. నంబరు తీసుకొని ఇంటికొచ్చి ఫోన్‌ల మొత్తం రాసిన. పైన మీకు చెప్పిందంత, దవాఖానల ఆయన అన్న మాటతో సహా. క్షమించమని రాయలేదు. రాసి, కొట్టేసిన. అది అడిగే హక్కు నాకు లేదు. పంపినంక గుండె తేలికైంది, ఆ తేలికతనం చూసి నా మీద నాకే అసహ్యమేసింది. రెండు రోజులు ఏం రాలేదు. నిన్న పొద్దున వచ్చింది. ఉన్నదున్నట్టు ఇక్కడ పెడుతున్న.

"పెద్దనాయినా, చదివిన. ఇన్నేండ్లు నా మీద నాకే అనుమానం ఉండె. నర్సు పని ఇష్టం లేదు గద, మనసుల వద్దని ఉండి సరిగ నొక్కలేదేమో, అందినదని చూసిన అనుకున్నదే భ్రమేమో అనుకున్న. నాయిన అన్నది నిజమేమో అనుకున్న. ఇప్పుడు మిమ్ములను ఏమనాల్నో తెలుస్తలేదు. నాకు ఫోన్ చెయ్యకండి, ఇంటికి రాకండి. కోర్టు గోడకాడ మీరు, నాయిన మిషిన్ల ముందర కూసొని దిగిన ఫోటో ఒకటి మీ దగ్గర ఉన్నదని అమ్మ చెప్పేది. అది పంపండి. మిమ్ములను కత్తిరించి పంపకండి. దాంట్ల నాయిన నవ్వుతడంట. నా దగ్గర ఉన్నవాటిల ఒక్కదాంట్ల కూడ నవ్వడు."