వాలు నేర్పిన హాకీ

ఒడిశాలోని మా బిస్సమ్ కటక్ నుంచి భారత జట్టు దాకా సాగిన ఒక వీరగాథ చెబుతాను, వినండి. అంటే, సాగాల్సింది. రాయగడలో పావుగంటకే ఆగిపోయింది.

తొంభైల చివర్లో నాకు పన్నెండేళ్లు. మా స్కూలు మైదానానికి ఎడమవైపు ఎత్తు, కుడివైపు పల్లం. అందుకే నేను బంతిని ఎడమకి కొట్టి నేరుగా పరిగెత్తేవాణ్ణి. ఎదుటివాడు అటు వెళ్లేలోపు బంతి దొర్లుకుంటూ నా కర్ర దగ్గరికే వచ్చేసేది. మా డ్రిల్ మాస్టారు మురిసిపోయి, "ఈడి ఆటలో ఏటో మాయుందండి! స్పోర్ట్స్ హాస్టల్లో సీటు కాయం" అని నాన్నకి చెప్పారు. నాన్న ఆ మాట బజారంతా చెప్పారు.

సెలక్షన్ రాయగడలో పెట్టారు. మైదానం బల్లలా చదునుగా ఉంది. నేను ఎడమకి కొట్టాను, పరిగెత్తాను, కర్ర చాపి నిలబడ్డాను. బంతి గీత దాటి వెళ్లిపోయింది. మూడుసార్లు అంతే.

"ఒరే, ఎవులికోసం సూస్తన్నావురా?" అని నాన్న గట్టు మీంచి అరిచారు.

"బంతి కోసం నాన్నా! అదే వస్తాది!"

మైదానమంతా నవ్వింది. నాన్న మాత్రం నవ్వలేదు. సెలక్టరు నా పేరు పక్కన ఏం రాశారో మాస్టారు తొంగిచూసి చెప్పారు: "పరుగు బాగుంది. బంతితో సంబంధం లేదు."

నా ప్రతిభలో సగం ఆ నేలదేనని అప్పుడు తెలిసింది. మిగతా సగం ఎవరిదో ఇంకా తేలలేదు.

సీటు రాలేదు. జనన ధ్రువపత్రం తిరిగిచ్చేశారు, పాస్‌పోర్టు ఫోటోలు రెండూ వాళ్లే ఉంచుకున్నారు.