ఫ్రేములో కుడివైపు కూర్చున్నామె

కెమెరా పట్టుకుని పదమూడేళ్లయింది. దయ్యం చూశామని, గాలి సోకిందని ఎవరైనా చెబితే వాళ్లను వదిలేదాన్ని కాదు. వెలుగు ఏ వైపు నుంచి పడింది, ఎదురుగా అద్దం ఉందా, ముందు రోజు నిద్రపోయారా అని వరసగా అడిగేదాన్ని. చివరికి ఏదో ఒక కారణం తేలేది. ఇప్పుడు చెప్పబోయే విషయంలో ఆ ప్రశ్నలన్నీ నాకు నేనే వేసుకున్నాను. ఏదీ తేలలేదు.

మాది జహీరాబాద్. నాన్న ఇక్కడి ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయ్యాడు. అదే ఫ్యాక్టరీకి ఇంజనీరుగా కోస్తా నుంచి వచ్చిన ఒకాయన కొడుకు రవికాంత్. ఇద్దరం ఒకే బడిలో చదివాం. రెండేళ్ల కింద వాడు ఒక చిన్న సినిమా తీస్తూ కెమెరా పని నాకు అప్పజెప్పాడు.

రవికాంత్‌కు పాత పెయింటింగుల పిచ్చి. మూడు నాలుగు వందల ఏళ్ల కిందటి ఐరోపా చిత్రాలను పెద్ద కాగితాల మీద ప్రింటు తీసి ఒక ఫైలులో పెట్టుకున్నాడు. ఒక్కో సీనుకు ఒక్కో చిత్రం. జొన్నరొట్టెలు చేసే సీనుకు ఒక వంటింటి చిత్రం, అన్నదమ్ముల తగాదాకు బల్ల చుట్టూ మనుషులు కూర్చున్న చిత్రం. ఆ చిత్రకారులకు కరెంటు లైట్లు లేవు. ఒక కిటికీ, లేదంటే ఒక దీపం. అంత కొంచెం వెలుగుతోనే చూసేవాళ్ల కన్ను ముందు ఎక్కడ ఆగాలి, తర్వాత ఎటు పోవాలి అన్నది వాళ్లు నిర్ణయించేవాళ్లు. సినిమా ఫ్రేముకూ అదే లెక్క అనేవాడు. చిత్రాన్ని మక్కీకి మక్కీ దించేవాళ్లం కాదు. వెలుగు వచ్చే దిక్కు, మనుషులు ఉండే చోటు, చీకటి ఎంత, అంతవరకే తీసుకునేవాళ్లం.

అది జరిగిన రోజు తీయాల్సింది జబ్బుతో పడుకున్న అమ్మాయి సీను. ఫైలులో చిత్రం ఇలా ఉంటుంది. ఎడమవైపు కిటికీ, దాని కింద మంచం, మంచం మీద పాలిపోయిన అమ్మాయి. కుడివైపు చీకట్లో కుర్చీలో తల్లి. తల బాగా వంచుకుని, చెయ్యి చాచి కూతురి చేతిమీద పెట్టి ఉంటుంది. తల్లి ముఖం కనిపించదు. ఆ నల్లటి ఆకారం కుడివైపు ఉండబట్టే బొమ్మ నిలబడింది. ఆమెను తీసేస్తే త్రాసులో ఒక పళ్లెం ఖాళీ అయినట్టు బొమ్మంతా ఎడమకు ఒరిగిపోతుంది.

మా కథలో ఆ అమ్మాయికి ఎవరూ లేరు. అందుకని రవికాంత్ కుర్చీని ఖాళీగా ఉంచమన్నాడు. ఖాళీ కుర్చీతో ఫ్రేము నిలవదని, కెమెరాను కొంచెం ఎడమకు తిప్పుతానని ముందు రోజే వాడికి చెప్పాను. సరే, పొద్దున చూద్దాం అన్నాడు.

మొగుడంపల్లికి దగ్గర్లో ఒక ఊళ్లో సుభద్రమ్మ అనే పెద్దావిడ ఇల్లు షూటింగుకు తీసుకున్నాం. ఆమె ఆ ఇంట్లోనే ఉండేది. మందపాటి గోడలు, లోపల ఒక చిన్న గది, దానికి ఒకే ఒక కిటికీ. పది నుంచి పన్నెండు వరకు కిటికీలోంచి వచ్చే వెలుగు అచ్చం ఆ చిత్రంలో వెలుగులాగే ఉండేది. ఆ రెండు గంటలూ తీస్తూనే ఉండాలని అనుకున్నాం. గది ఇరుకు కాబట్టి రవికాంత్ మానిటరు పెట్టుకుని బయట వసారాలో కూర్చున్నాడు. లోపల నేను, లైట్‌మన్ యాదయ్య, మంచం మీద జ్యోతి. జ్యోతి సంగారెడ్డి నుంచి వచ్చిన నాటకాల అమ్మాయి. మాకు తెలిసి గదిలో ఉన్నది అంతే.

నేను కంటిని కెమెరాకు ఆనించి చూసేసరికి కుర్చీలో ఒకామె కూర్చుని ఉంది.

నాకు భయం వెయ్యలేదు. రవికాంత్ మనసు మార్చుకుని సుభద్రమ్మ చుట్టాల్లో ఎవరినో కూర్చోబెట్టాడని అనుకున్నాను. ముదురు వక్కరంగు చీర, చేతికి రెండు గాజులు. తల వంచుకుని ఉంది, చెయ్యి జ్యోతి చేతిమీద ఉంది. ఫ్రేము అద్భుతంగా కుదిరింది. కెమెరాను ఎడమకు తిప్పాల్సిన పనే లేదనిపించింది.

ఆమె వైపు చీకటి ఎక్కువగా ఉంది. యాదయ్యను కుర్చీ వైపు కొంచెం వెలుగు పడేటట్టు థర్మాకోల్ షీటు పెట్టమన్నాను. పెట్టాడు. దూరం నుంచే ఒక చోట గురిపెట్టి వెలుగును కొలిచే మీటరు నా దగ్గర ఉంటుంది. దాన్ని ఆమె ముఖం వైపు పెట్టి, వచ్చిన అంకెను నా చిన్న పుస్తకంలో రాసుకున్నాను. "కుర్చీ, ముఖం" అని పక్కన రాసి ఉంది. ఆ పుస్తకం ఇప్పటికీ నా దగ్గరే ఉంది.

ఒక్కసారైనా తల ఎత్తి మామూలు కళ్లతో చూడలేదా అని చాలామంది అడిగారు. చూడలేదు. మీటరుకూ గురి చూసే రంధ్రం ఉంటుంది. కెమెరాలోంచి మీటరుకు, మీటరులోంచి కెమెరాకు వెళ్లాను. మధ్యలో పుస్తకంలోకి చూశాను.

టేకు మొదలైంది. జ్యోతి కళ్లు మూసుకుని కదలకుండా పడుకుంది. ఎంత బాగా చేస్తోంది అనుకున్నాను. రెండు నిమిషాలు గడిచి ఉంటాయి. కుర్చీలో ఆమె మెల్లగా తల ఎత్తి నేరుగా లెన్సులోకి చూసింది.

యాభై ఏళ్ల మనిషి ముఖం. అందులో భయపెట్టేది ఏమీ లేదు. దవాఖానలో రోగి పక్కన కూర్చున్నవాళ్లు, నర్సు ఎప్పుడొస్తుందా అని గుమ్మం వైపు చూస్తారే, ఆ చూపు. మళ్లీ జ్యోతి వైపు చూసి, మళ్లీ నా వైపు చూసింది.

నేను కట్ చెప్పేశాను. కెమెరా మనిషి ఆ మాట అనకూడదు. అది డైరెక్టరు చెప్పాల్సింది. రవికాంత్ విసురుగా లోపలికి వచ్చాడు.

"ఏమైంది స్వప్నా? బాగా వస్తోంది కదా."

"ఆమె లెన్సులోకి చూసింది."

"జ్యోతి కళ్లు తెరవనేలేదు."

"జ్యోతి కాదు. కుర్చీలో కూర్చున్నామె."

వాడు నన్ను చూశాడు. యాదయ్యా చూశాడు. అప్పుడు తల తిప్పాను. కుర్చీ ఖాళీగా ఉంది. గదికి ఒకటే తలుపు. ఆ తలుపులో రవికాంత్ నిలబడి ఉన్నాడు.

ఏదో ఒకటి చెయ్యాలన్నట్టు జ్యోతి దగ్గరకు పోయి లేపబోయాను. ఇన్ని మాటలు జరుగుతున్నా ఆ పిల్ల కదల్లేదు. చెయ్యి పట్టుకుంటే మంచులా చల్లగా, చెమటతో తడిగా ఉంది. పిలిస్తే కళ్లు సగం తెరిచింది. పెదవులు కదిలాయి గానీ మాట రాలేదు.

ముగ్గురం మోసుకెళ్లి కారులో పడుకోబెట్టాం. రవికాంత్ నడిపాడు. జహీరాబాద్ చేరేదాకా ఆ పిల్ల తల నా ఒళ్లో ఉంది. ఊపిరి ఆడుతోందా లేదా అని ప్రతి మలుపుకూ నా వేలు ఆమె ముక్కు దగ్గర పెట్టి చూశాను. దారి పొడవునా చెరకు బండ్లు. ఒక్కో బండిని దాటడానికి ఎంతసేపు పట్టిందో చెప్పలేను.

డాక్టరు చూసి డెంగీ అన్నాడు. నాలుగు రోజుల నుంచి జ్వరం ఉందని, షూటింగు ఆగిపోతుందని ఎవరికీ చెప్పకుండా మాత్రలు మింగుతోందని తర్వాత తెలిసింది. ఆ పొద్దున జ్వరం దిగడంతో తగ్గిపోయిందని అనుకుంది. కొందరికి జ్వరం దిగినప్పుడే అసలు ప్రమాదం వస్తుందట. బీపీ పడిపోయిందని, ఇంకో గంట ఆలస్యమైతే ప్రాణానికి భరోసా ఇవ్వగలిగేవాడిని కాదని డాక్టరు అన్నాడు. మేము ఆమెను పన్నెండు దాకా కదలకుండా పడుకోబెట్టేవాళ్లం. కదిలితే వద్దనేవాళ్లం కూడా.

ఆ రోజు ఎవరు ఏం చూశారో తర్వాత ఒక్కొక్కరినీ అడిగాను. రవికాంత్‌కు మానిటరులో ఖాళీ కుర్చీయే కనిపించింది. రికార్డయిన దాంట్లోనూ అంతే. కుడివైపు అంత ఖాళీ వదిలింది ఒంటరితనం చూపించడానికని, నేనే కావాలని చేశానని అనుకున్నాడట. బాగుందని మెచ్చుకున్నాడు కూడా. యాదయ్య మొహమాటంగా చెప్పాడు.

"గా కుర్చిల ఎవ్వరు లేరు మేడం. ఉత్త కుర్చికి ఎలుగు ఎందుకో అనుకున్న. మీ లెక్క మీకుంటదని ఊకున్న."

మూడు వారాల తర్వాత జ్యోతి కోలుకుని వచ్చింది. మిగిలిన పని పూర్తి చేశాం. అదే గదిలో, అదే టైముకు, అదే చోట షీటు పెట్టించి ఖాళీ కుర్చీని మీటరుతో కొలిచాను. పుస్తకంలో రాసుకున్న దానికంటే చాలా తక్కువ వచ్చింది. టేకు కర్రతో చేసిన నల్లటి కుర్చీ అది. ఆ రోజు వచ్చిన అంకె మనిషి ఒంటిరంగుకు వచ్చే అంకె. నేను తప్పుగా రాసి ఉండొచ్చు. కానీ అన్నేళ్లలో అలా తప్పు రాసిన గుర్తు లేదు.

సుభద్రమ్మకు ఆమె పోలికలు చెప్పాను. తమ ఇంట్లో అలాంటి మనిషి ఎప్పుడూ లేదని, ఆ గదిలో ఎవరూ జబ్బుతో పడుకోలేదని, చానా ఏళ్లు అక్కడ అల్లం పంట నిల్వ పోసుకున్నామని అంది. ఆ గది వైపు చూసి నా చెయ్యి పట్టుకుంది.

"ఊర్ల ఎవ్వరికి చెప్పకు బిడ్డా. నాకు ఫికర్ లేదు గని, రేపటి సంది అందరు మా అర్ర దిక్కే చూస్తరు."

జ్యోతి తల్లి దవాఖానకు వచ్చినప్పుడు ఆమె ముఖం పరీక్షగా చూశాను. ఆమె కాదు. ఫైలులోని చిత్రాన్ని ఎన్నోసార్లు తీసి చూశాను. అందులోని తల్లి ముఖం కనిపించదు. కుర్చీలో ఆమె ముఖం మాత్రం నాకు కనిపించింది.

కళ్ల డాక్టరు దగ్గరకు వెళ్లాను. తల స్కానింగు తీయించుకున్నాను. అన్నీ బాగున్నాయన్నారు. ఏదో ఒకటి తేలి ఉంటే మనసు కుదుటపడేదేమో. నా బతుకంతా ఈ కళ్ల మీదే ఉంది. లేనిదాన్ని చూశానంటే రేపు ఉన్నదాన్ని చూడకపోవచ్చు కదా అని ఇప్పటికీ గుబులే. ఫ్రేము మరీ బాగా కుదిరితే తల ఎత్తి మామూలు కళ్లతో ఒకసారి చూసుకుంటాను.

ఇంకొక విషయం ఉంది. దవాఖానలో రెండో రోజు జ్యోతికి పూర్తిగా తెలివి వచ్చింది. నీళ్లు తాగించాను. గ్లాసు పక్కన పెట్టాక నన్ను అడిగింది.

"అక్కా, గదిలో పడుకున్నప్పుడు నా చెయ్యి పట్టుకున్నది ఎవరు? వదలకుండా పట్టుకున్నరు. అందుకే భయం కాలే."

ఆ స్థితిలో ఉన్న పిల్లకు ఏం చెప్పను? "నేనే" అన్నాను.

అప్పటి నుంచి ఎక్కడ కలిసినా ఆ మాట తలుచుకుని నాకు దండం పెడుతుంది. పెళ్లికి పిలిచి, వాళ్ల అత్తగారికి కూడా ఈ అక్కే నా చెయ్యి పట్టుకున్నదని చెప్పింది. ఆ గదిలో టేకు నడిచినంతసేపు నా రెండు చేతులూ కెమెరా మీదే ఉన్నాయి. ఆ సంగతి జ్యోతికి ఇంతవరకు చెప్పలేదు.