కాలేజీ కోసం కాచుకున్న అయ్యవారు

మా వర్కుషాపు అయ్యవారు పోయారు. పోయిన మంగళవారం పొద్దున, చిత్తూరులో, రేకుల షెడ్డు పక్కనున్న తమ ఇంట్లోనే. కబురు తెచ్చిన మనిషి "కాలేజీ అయ్యవారు పోయినాడంట" అన్నాడు. ఆయన ఏ కాలేజీలోనూ పాఠం చెప్పలేదు. ఆయన కోరిన కాలేజీ ఈ జిల్లాకు రానేలేదు. అయినా ఊరు ఆయన్ను అట్లాగే పిలిచేది, కొందరు ప్రేమగా, ఎక్కువమంది ఎగతాళిగా. పోయినవాళ్లను తలుచుకునేటప్పుడు కోపం తగదంటారు. నాకు ఇంకో విధంగా తలుచుకోవడం చేతకాదు.

ఇండస్ట్రియల్ స్కూల్లో నాకు ఆకురాయి పట్టడం నేర్పింది ఆయనే. పాఠం అయ్యాక ఇనుపరజను ఊడ్చడం అందరికీ వంతు. ఏ ఇంటి పిల్లవాడైనా చీపురు పట్టవలసిందే. ఒకసారి ఒక కరణంగారు వచ్చి, మావాణ్ణి చదువుకోను పంపినాము గానీ కమ్మరం చేయను కాదని తగువు పెట్టుకున్నారు. అయ్యవారు చేతులు తుడుచుకుంటూ, "ఇనుము ముట్టకుండానే మీవాడు ఇంజినీరు అయినాడనుకోండి. వాడు కట్టే వంతెన మీద మొదట మీరే నడవాల సామీ" అన్నారు. కరణంగారు గొణుక్కుంటూ వెళ్లారు. కొడుకును మాత్రం మాన్పించలేదు.

అయ్యవారు స్వయంగా పట్నంలోని పెద్ద ఇంజినీరింగు కాలేజీలో కింది తరగతి చదువు చదివినవారు. ఆ కాలేజీ ఘనతను ఎవరైనా నోరు తెరుచుకొని పొగిడితే ఆయనకు చిరాకు. "అది ఆకాశం నుంచి ఊడిపడలేదప్పా. భూములు కొలిచేదానికి కొంతమంది పిల్లోళ్లను కూర్చోబెట్టిన సర్వే బడి అది. పెరిగి పెరిగి అంతయింది. మనదీ ఒక షెడ్డులో మొదలు కానీ" అనేవారు. కాలేజీకి పేరు బోర్డు వల్ల రాదనీ, అక్కడ చదివినవాడు బిగించిన మర వదులు కాకుంటేనే వస్తుందనీ ఆయన నమ్మకం. ఎవరో జమీందారు ధర్మానికి పెడతాడట కదా అంటే ఒప్పుకునేవారు కాదు. ధర్మానికి పెట్టేవాడు ఎవరు ఏ బెంచీ మీద కూర్చోవాలో కూడా తానే చెబుతాడు, సర్కారుదయితే అడిగే హక్కు మనకుంటుంది, అదీ ఆయన వాదన. దీనికి జవాబు చెప్పగలిగినవాణ్ణి నేనింతవరకు చూడలేదు.

ఆ రేకుల షెడ్డు యుద్ధం రోజుల్లో పటాలానికి ఫిట్టర్లను తయారుచేయను సర్కారు వేసింది. అక్కడ నేర్పింది కూడా ఈయనే. యుద్ధం ముగియగానే మిషన్లన్నీ రైలెక్కి పోయాయి. పళ్లచక్రం విరిగిన, ఇనుము చెక్కే లేతు మిషను ఒక్కటే, ఎవరికీ అక్కరలేక, మిగిలింది. అయ్యవారు దానికి కొత్త చక్రం వేసి, ఆదివారం ఆదివారం నూనె పోసి, కాసేపు తిప్పి, మళ్లీ గోనెపట్టా కప్పేవారు. ఎందుకీ శ్రమ అంటే, కాలేజీ వచ్చిననాడు తుప్పుపట్టిన మిషను చూపించుకోవాల్నా అనేవారు.

కాలేజీ వచ్చేటట్టే కనబడింది. సర్కారు ఈ ప్రాంతంలో ఒక ఇంజినీరింగు కాలేజీ పెట్టాలనుకుంటోందనీ, చోటు చూడను పట్నం నుంచి ఒక అధికారి వస్తున్నాడనీ తెలిసింది. ఇక చూడండి మన పెద్దమనుషుల ప్రతాపం. చిత్తూరులో ఒక కమిటీ, తిరుపతిలో ఒక కమిటీ. వీళ్లకు కలెక్టరు కచ్చేరీ ఉన్న ఊరన్న దర్జా, వాళ్లకు దేశమంతా తమ ఊరికే వస్తుందన్న దర్జా. చిత్తూరులో ఎండాకాలం గొంతు తడుపుకోను కూడా నీళ్లుండవని తిరుపతివాళ్లు అధికారి చెవిలో ఊదారు. తిరుపతిలో యాత్రికులకే నీళ్లు చాలవు, కాలేజీకి ఎక్కడివని చిత్తూరువాళ్లు రెండో చెవిలో ఊదారు. అధికారి మర్యాదస్తుడు. ఇద్దరి మాటా నమ్మాడు.

అయ్యవారు షెడ్డు ఊడ్చి, లేతు మీది పట్టా తీసి, పొద్దంతా కాచుకొని ఉన్నారు. అధికారిని అక్కడిదాకా ఎవరూ రానివ్వలేదు. నీళ్లు లేవని చెప్పి అధికారిని రైలెక్కిస్తున్నారని నేను పోయి చెప్పగానే ఆయన షెడ్డు బావిలో చేద వేసి, చెంబు నింపుకొని, స్టేషనుకు నడిచారు. నేనూ వెంట నడిచాను. రైలు కదలబోతోంది. కిటికీలోంచి చెంబు అందించి, "అయ్యా, ఇవి మా షెడ్డు బావి నీళ్లు. తాగి సూడండి" అన్నారు.

అధికారి గుక్కతిప్పుకోకుండా తాగి, ఖాళీ చెంబు తిరిగి ఇచ్చాడు. "నీళ్లు బాగున్నాయి. లేవని చెప్పింది మీ పెద్దలే కదా?"

కాలేజీ వేరే జిల్లాకు పోయింది. అక్కడి పిల్లలు సుఖంగా చదువుకోనీ, వాళ్ల మీద నాకేం కసి? నా మంటంతా ఇక్కడివాళ్ల మీద. ఆ రెండు కమిటీలవాళ్లే ఇప్పుడు సభలెక్కి, సీమకు అన్యాయం జరిగిందని బల్లలు గుద్దుతున్నారు. చేసిందెవరయ్యా? కానీ అయ్యవారు వాళ్లను ఒక్కనాడు తిట్టలేదు, నన్ను తిట్టనివ్వలేదు. "ఇంకో ఆయన వస్తాడు లేబ్బా. అప్పటిదాకా మిషను తుప్పు పట్టకుంటే సాలు." ఆ ఓర్పు చూస్తే నాకు ఆయన మీద కూడా కోపం వచ్చేది.

అంత్యక్రియలకు రెండు ఊళ్లవాళ్లూ వచ్చారు. శ్మశానం దారిలోనే సంతాపసభ తిరుపతిలో పెట్టాలా చిత్తూరులో పెట్టాలా అని మొదలుపెట్టారు. తిరిగి వచ్చేటప్పుడు ఎండకు కాళ్లు కాలుతున్నాయి. దగ్గరలో ఉన్నది షెడ్డు బావి ఒక్కటే. అందరూ అక్కడికే చేరారు. ఒకరి తర్వాత ఒకరు చేదుకొని కాళ్ల మీద, తలల మీద కుమ్మరించుకున్నారు. నీళ్లు తరగలేదు. వాదన మాత్రం ఆగింది. ఎవరూ ఎవరి ముఖమూ చూడలేదు.

ఆ బావి గిలక అయ్యవారు లేతు మీద తామే చేసి బిగించింది. అంతమంది తోడినా ఒక్కసారి కిర్రుమనలేదు. పోవడానికి ముందు ఆదివారం కూడా దానికి నూనె వేసినట్టున్నారు.