ఫోర్కులో వాగు నీళ్లు

1964 వేసవి. నూజివీడులో విస్సన్నపేట రోడ్డు మీద నాకు చిన్న రేకుల షెడ్డు ఉండేది. ఊళ్లో మోటారు సైకిళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని ఉన్న రోజులవి. వాటినే నమ్ముకుంటే మా ఇంట్లో పొయ్యిలో పిల్లి లేచేది కాదు. తోటలకు నీళ్లు తోడే ఆయిల్ ఇంజన్లే నాకు అన్నం పెట్టేవి. అయినా మోటారు సైకిలు షెడ్డులోకి వచ్చిందంటే ఇంజన్లు పక్కన పడేసి దాని చుట్టూ తిరిగేవాణ్ణి. నాకు ఆ పిచ్చి ఉండేది.

వెంకటరత్నం గారని మామిడి వ్యాపారి ఒకాయన ఉండేవారు. పూత మీద తోటలు కొనేవారు. అంటే చెట్టు మీద పూత చూసి, ఎంత కాయ నిలుస్తుందో అంచనా కట్టి, ఆ ఏటి కాపంతా ముందే మాట్లాడుకోవడం. పూత మీద కొన్నాక తోటలో ఒక కుటుంబాన్ని కాపలా పెడతారు. ఆఖరి కాయ కోసేవరకు పాకలోనే వాళ్ల కాపురం. జీతం నామమాత్రం. గాలికి రాలిన కాయ మాత్రం కాపలావాడి పెళ్లానిది. దాన్ని కోసి ఎండబెట్టి ఒరుగు చేసి అమ్ముకుంటేనే వాళ్లకు వానాకాలం గడుస్తుంది. అందుకే మా వైపు కాపలావాళ్లు కోత కంటే ముందు గాలివాన కోసం ఎదురు చూస్తారు. షావుకారు దణ్ణం పెట్టి వద్దనుకునేది, వాళ్లు దణ్ణం పెట్టి రావాలనుకునేది ఒకటే గాలి.

ఒకరోజు పొద్దున్నే వెంకటరత్నం గారు తన మోటారు సైకిలు తెచ్చారు. వెనక నడుచుకుంటూ ఆయన తోట కాపలావాడు పోతురాజు, ఆ వెనక అతని భార్య నాగమ్మ వచ్చారు. ముగ్గురి ముఖాలు చూస్తేనే ఇది బండి రిపేరు ఒక్కటే కాదని తెలిసిపోయింది.

"మేస్త్రీ, నేను బెజవాడ వెళ్తూ బండి తోట పాకలో పెట్టాను. తిరిగొచ్చి తీస్తే ముందు ఫోర్కు మోగిపోతోంది. వీడు తీసి నడిపి ఎక్కడో గోతిలో దింపాడు. విప్పి చూసి, వాడి ముందే చెప్పు."

ఫోర్కు అంటే ముందు చక్రాన్ని అటూ ఇటూ పట్టుకునే రెండు గొట్టాలు. గొట్టాల లోపల పొడుగాటి స్ప్రింగులు, అడుగున నూనె ఉంటాయి. స్ప్రింగు కుదుపును మింగుతుంది, నూనె స్ప్రింగు ఎగిరిపడకుండా ఆపుతుంది. హ్యాండిలు పట్టుకుని కిందికి నొక్కాను, గర్రుమంది. వదిలాను, టంగుమంది.

"నాకు సైకిలే తొక్కడం రాదండి, ఇదేం నడుపుతానండి?" అన్నాడు పోతురాజు.

"మరి ఈ కందెన ఏంట్రా? బండి ముట్టుకోనివాడివి దీనికెందుకు పూశావు?"

గొట్టాల మీద నల్లటి కందెన మందంగా పూసి ఉంది. కందెన అంటే కాల్చిన గడ్డి మసి ఆముదంలో కలిపి ఎడ్లబండి ఇరుసుకు పెట్టేది. కిర్రుమన్న ప్రతిదానికీ మా వైపు అదే మందు. గిలకకూ అదే, తలుపు బందుకూ అదే.

"పాకలో పక్కకి నెడుతుంటే కిర్రుమంటోందండి. ఎండకి ఎండిపోయిందేమో, షావుకారు గారు వచ్చేసరికి బాగుంటుంది కదా అని రాశానండి" అన్నాడు.

వెంకటరత్నం గారు చెడ్డ మనిషి కాదు. పాపం, ఆయన ఒక దారి చూపించారు కూడా. "ఒరేయ్, ఒప్పుకో. నాలుగు తిట్టి ఊరుకుంటాను. కోత అయ్యేదాకా తోటలోనే ఉండు. బొంకితే మాత్రం ఇవాళే సామాను బయట పెట్టిస్తాను."

పోతురాజు నాగమ్మ వైపు చూశాడు. ఆమె కళ్లతోనే ఒప్పుకోమంది. అతను నోరు తెరవబోయాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఆగవయ్యా, చెయ్యని తప్పు నెత్తినేసుకుంటావా? నేను విప్పుతాను కదా, నోరు మూసుకో" అని కసిరాను. "షావుకారు గారూ, సాయంత్రం రండి. అప్పటిదాకా వీళ్ల సామాను జోలికి పోకండి."

ఫోర్కు మోగినా ముందే ఫోర్కును అనుమానించకూడదని మా గురువు చెప్పేవాడు. చప్పుడు ఒకచోట పుట్టి ఇంకోచోట వినిపిస్తుంది. మడ్‌గార్డు బోల్టులు చూశాను, గట్టిగానే ఉన్నాయి. హెడ్‌లైటు బిగువుగా ఉంది. హ్యాండిలు తిరిగే చోట బాల్ రేసులు ఉంటాయి, అంటే గుండ్లు తిరిగే గిన్నెలు. అవి అరిగితే బ్రేకు పట్టి ఊపినప్పుడు తెలిసిపోతుంది. అవీ బాగున్నాయి. అప్పుడు స్క్రూడ్రైవరు మొన గొట్టానికి ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, షెడ్డులో పని కుర్రాణ్ణి హ్యాండిలు నొక్కమన్నాను. కుడి గొట్టంలో ఇనుము మీద ఇనుము ఒరుసుకుంటోంది.

గొట్టం అడుగున నూనె తీయడానికి డ్రెయిన్ ప్లగ్గు ఉంటుంది. అది విప్పి కింద డబ్బా పెట్టాను. నూనె రాలేదు. ఎర్రటి నీళ్లు వచ్చాయి, వెనక మెత్తటి ఒండ్రు. వేలికి రాసుకుని వాసన చూశాను. వాగు మట్టి వాసన. పైనుంచి స్ప్రింగు లాగితే రెండు ముక్కలుగా వచ్చింది, ఒళ్లంతా తుప్పు. అసలు సంగతి విరిగిన చోట ఉంది. నిన్న మొన్న విరిగిన ఉక్కు అంచు గరుకుగా, వెండిలా మెరుస్తూ ఉంటుంది. దీని అంచులు రెండూ ఒకదాన్నొకటి ఒరుసుకుని నున్నగా అరిగిపోయాయి. నెలల తరబడి విరిగిన స్ప్రింగుతోనే ఆ బండి తిరిగింది. నీళ్ల మీద తేలిన నూనె ఉన్నన్నాళ్లూ చప్పుడు అణిగి ఉంది. అది కూడా గొట్టం మూతి దగ్గర నూనె ఆపే రబ్బరు సీలు సందులోంచి మెల్లగా కారిపోయాక చప్పుడు బయటపడింది. కందెన పైపైనే ఉంది, చుక్క కూడా లోపలికి పోలేదు.

వాగులో నీళ్లు ఉండేది వానాకాలంలో. పోతురాజు తోటలోకి వచ్చింది పూతకు. అప్పటికి మా వాగుల్లో కాళ్లు తడుపుకోవడానికి కూడా నీళ్లుండవు. ఇక పోయిన వానాకాలంలో ఆ బండి ఎవరి దగ్గరుందో ఊరంతటికీ తెలుసు. వెంకటరత్నం గారు కాలు విరిగి మంచంలో ఉంటే, ఆయన బావమరిది ప్రసాదు దాన్ని మైలవరం దాకా ఎగేసుకుని తిరిగాడు. పారే వాగులో బండి దించి అవతల గట్టు ఎక్కించానని కాఫీ హోటల్లో మీసం మెలేశాడు. ఆ గొప్పలు నేనూ విన్నాను.

సాయంత్రం ముగ్గురూ వచ్చారు. డబ్బాలో నీళ్లు, స్ప్రింగు ముక్కలు చూపించి, విషయమంతా విడమరచి చెప్పాను. ప్రసాదు పేరు ఎత్తలేదు. వానాకాలంలో జరిగిందని మాత్రం అన్నాను. వెంకటరత్నం గారు ముక్క తీసుకుని అంచు మీద బొటనవేలు రాసి చూశారు. ఆయనకు అర్థమైంది. ముఖం మాడిపోయింది.

"సరే, బండి బాగు చెయ్యి" అని లేచారు. పోతురాజు నాకు రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాడు. ఆ రాత్రి నేను తృప్తిగా అన్నం తిన్నాను.

కొత్త స్ప్రింగులు బెజవాడ నుంచి తెప్పించి, సీళ్లు మార్చి, నూనె పోసి బండి తోటకు తీసుకెళ్లాను. పాక ముందు వేరే వాళ్ల కుండలున్నాయి. వెంకటరత్నం గారు చెట్టు కింద కూర్చుని ఉన్నారు.

"పోతురాజు ఏడండీ?"

"పంపించేశాను."

"అతని తప్పేం లేదని మీ కళ్లారా చూశారు కదండీ!"

"లేదనే అన్నావు. నేను కాదన్నానా?" అన్నారు, నా వైపు చూడకుండా. "వాణ్ణి ఉంచితే, మరి బండి పాడు చేసిందెవరని ఊరు అడుగుతుంది. ఇంట్లో ఆడమనిషి అన్నం మానేసి కూర్చుంది, నా తమ్ముణ్ణి బజారుకీడుస్తారా అని. చెప్పకుండా బండికి కందెన పూశాడని పంపించాను. అది అబద్ధం కాదుగా."

ఇంత కష్టపడి నేను తీసిన నిజం ఆయనకు బాగా ఉపయోగపడింది. తప్పు పోతురాజుది కాదని తేలాకే అతను అక్కడ ఉండటానికి వీల్లేకుండా పోయింది. తిరిగొస్తుంటే ఏడుపు కంటే కోపం ఎక్కువ వచ్చింది. ఎవరి మీద చూపించాలో తెలియలేదు.

ఆ వారంలోనే గాలివాన కొట్టింది. తోటల్లో కాయ తట్టలకొద్దీ రాలింది. ఆ మర్నాడు నాగమ్మ మా షెడ్డు ముందు ఆగింది. తల మీద మూట ఉంది. మైలవరం అవతల కంకర కొట్టే పనికి పోతున్నారట. పోతురాజు రోడ్డు అవతలే నిలబడి ఉన్నాడు, దగ్గరికి రాలేదు. మంచినీళ్లు ఇచ్చాను. తాగి చెంబు కింద పెట్టింది.

"మీరు మంచే చేశారండి, కాదనను. కానీ ఆయన ఒప్పుకోబోతుంటే ఎందుకు ఆపారండి? నాలుగు తిట్లే కదండీ. మేం పడని తిట్లా?"

ఆమె జవాబు కోసం ఆగలేదు. మూట సర్దుకుని వెళ్లిపోయింది.

నేను చేసింది తప్పని ఇప్పటికీ అనుకోను. స్ప్రింగు ముక్క చేతిలో పెట్టుకుని అబద్ధం చెప్పడం నా వల్ల కాదు. కానీ మా పనిలో చప్పుడు ఎక్కడిదో కనిపెట్టడం సగమే. ఆ సంగతి ఎవరి చేతిలో పెడుతున్నామో చూసుకోవడం మిగతా సగం. అది నాకు ఏ గురువూ నేర్పలేదు. ఆ తర్వాత షెడ్డుకు వచ్చిన వాళ్లు ఎవరు పాడు చేశారో చెప్పమంటే, ఏం పాడైందో మాత్రం చెబుతానని అనేవాణ్ణి. తెలివైన మేస్త్రీ అని పేరు వచ్చింది. ఆ పేరు విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండేది.