చదవని పేర్లు

ఈ ఏడాది వరదకు మా ఇంట్లో పదకొండు పుస్తకాలు పోయాయి. సైనికుల ఆత్మకథలు ఆరు, యుద్ధ చరిత్రలు నాలుగు, పటాలం చరిత్ర ఒకటి. ఎండలో పెట్టినా పేజీలు విడిపోలేదు. ఆ తడి కాగితం వాసనకు మిలట్రీ మావయ్యగారు గుర్తొచ్చారు.

అవన్నీ ఆయన పుస్తకాలే. రాజోలులో మా పక్కింట్లో ఒంటరిగా ఉండేవారు. చూపు పోయింది. సాయంత్రాలు నేను చదివి వినిపించేదాన్ని. అప్పుడు నాకు పదేళ్లు. ఏది ముందు చదవాలో ఆయనే చెప్పేవారు.

"జవాను రాసింది ముందు చదవమ్మా, జనరల్ రాసింది తర్వాత. జవానుకి ఆకలి గుర్తుంటది."

ఒకరోజు ఆయన పటాలం చరిత్ర చివరికొచ్చాం. ఆ పుస్తకం ఆయన చూపు పోయాకే వచ్చింది. అక్కడ యుద్ధంలో పోయినవాళ్ల పట్టిక ఉంది.

"పేర్లు చదువమ్మా."

నేను వేలు పెట్టి లెక్కించాను. "నలభై మూడు మందండి."

"లెక్క కాదమ్మా, పేర్లు."

"పేర్లు చదివితే లెక్క మారుద్దేంటండీ?"

ఆయన నవ్వేశారు. "ఆయ్, మారదులే. పెద్ద కరణంగారివి నువ్వు!"

మళ్లీ అడగలేదు. నా లెక్క ఆయనకు నచ్చిందనుకున్నాను. ఆ వానాకాలంలోనే పోయారు. పుస్తకాలు నాకిమ్మని చెప్పారట.

తన తోటివాళ్లలో ఎవరు మిగల్లేదో తెలుసుకోవడానికి ఆయనకు నా కళ్లు తప్ప వేరే దారి లేదని అర్థమవడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. యుద్ధం గురించి ఏం చదవమంటారని ఎవరైనా అడిగితే, జవాన్ల ఆత్మకథలు చెబుతాను, పటాలం చరిత్రల్లో చివరి పట్టిక వదలొద్దంటాను. మావయ్యగారి పటాలం పట్టికను నేనూ ఒక్కదాన్నే కూర్చుని ఎన్నోసార్లు చదివాను. ఆయనకు వినిపించాల్సిన పేర్లు మాత్రం నేటికీ నలభై మూడే.